మబ్బు కల్లంలో ఏడింటి ఎండ

వెళ్ళేటప్పుడు నా సంచిలో కెమెరా, ఒక ఫ్లాష్, దాన్ని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్, మడత స్టాండు, తెల్ల గొడుగు, పదహారు సెల్సు, రెండు జతల బట్టలు ఉన్నాయి. తిరిగొచ్చేటప్పుడు గొడుగు లేదు, ఒక తువ్వాలు ఎక్కువుంది. నాలుగు రోజుల్లో నేను నేర్చుకున్నదంతా ఆ తేడాలోనే ఉంది.

ముందు నా అర్హతలు చెప్పాలి. దినపత్రికల్లో ముప్పై మూడేళ్ళు రిపోర్టరుగా పనిచేశాను. ఒక్క రోజు కూడా ఫొటో తియ్యలేదు. నా స్కూటరు వెనక ఎప్పుడూ ఒక ఫొటోగ్రాఫరు ఉండేవాడు. ఆయన కుడివైపుకి వెళ్ళి, ఎడమవైపుకి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఫ్లాష్‌ని కెమెరా నుంచి ఊడదీసి ఎడమ చేత్తో గాల్లోకి ఎత్తి నానా హైరానా పడుతుంటే, నేను స్కూటరు స్టార్టు చేసి ‘ఓ నాలుగు కొట్టి రావయ్యా, పేజీ వెళ్ళిపోతోంది’ అని కేకేసేవాణ్ణి. అదంతా టీ బిల్లు నాచేత కట్టించడానికి వేసే వేషమని నా నమ్మకం.

రిటైరయ్యాక కెమెరా కొన్నాను. రెండు నెలలకి నా ఫొటోల్లో మనుషులంతా గోడకి అంటించిన కాగితాల్లా ఉన్నారని మా ఆవిడ కనిపెట్టింది. ఫ్లాష్ కెమెరా నెత్తిన ఉంటే అంతేననీ, దాన్ని తీసి పక్కన పెట్టాలనీ ఒక వీడియోలో విన్నాను. విడి ఫ్లాష్ కొన్నాను. ‘ఇంట్లో ఇన్ని ట్యూబులైట్లుండగా మళ్ళీ ఇదొకటా?’ అంది ఆవిడ. మార్చి నెలలో, ఎర్రటి మిరప కల్లాల మీద నా ప్రతాపం చూపిద్దామని విశాఖలో రైలెక్కాను.

గుంటూరు

రైలు దిగి మొదట వెతికింది టిఫిన్ హోటలు. నేను పుట్టింది విజయనగరం వైపు. మా దగ్గర ఇడ్లీ పక్కన కొబ్బరి చట్నీ మర్యాదగా కూర్చుంటుంది, కూరలో చిటికెడు బెల్లం కూడా పడుతుంది. ఇక్కడ ఇడ్లీ మీదే కారప్పొడి చల్లి, నెయ్యి పోసి, పక్కన అల్లం పచ్చడి పెట్టి, అప్పుడు “కారం ఏమన్నా కావాలా సార్?” అని అడుగుతారు. ప్లేటు యాభై రూపాయలు. కళ్ళు తుడుచుకోడానికి కాగితం రుమాళ్ళు ఉచితం.

అలా తుడుచుకుంటూనే బల్ల మీద ఫ్లాష్ పెట్టి సెల్సు మారుస్తున్నాను. ఎక్కడో నొక్కాను. అది ఫెళ్ళున వెలిగింది. ఎదురుగా నిలబడి నా ప్లేట్లో సాంబారు పోస్తున్న సర్వరు కళ్ళు మూసుకున్నాడు గానీ గరిటె ఒంపడం ఆపలేదు. నా ఒళ్ళో గరిటెడు పడింది.

“ఏందండీ, చెప్పి కొట్టొచ్చుగా!” అన్నాడు. కోపం తెచ్చుకోడానికి నాకు న్యాయమైన కారణమేదీ కనపడలేదు.

యాత్రలో మొదటి ఫొటో అదే. కెమెరా సంచిలో ఉండగా తీసింది కాబట్టి దాని నాణ్యత గురించి ఏమీ చెప్పలేను.

పొన్నూరు

బట్టలు మార్చుకుని, కల్లాలకు ముందు చెయ్యి తిరగాలని మధ్యాహ్నం పొన్నూరు వెళ్ళాను. దారి పొడుగునా మాగాణి. బజార్లో ఒక బియ్యం కొట్టు ముందు ఆగాను. యజమాని అరవై దాటిన మనిషి, తెల్ల బనీను, చెవి మీద పెన్ను. ఎవరో తెచ్చిన నమూనా బియ్యం అరచేతిలో పోసుకుని పరీక్షగా చూస్తున్నాడు. ఇంతకంటే మంచి బొమ్మ దొరకదని నేను గుమ్మంలోకి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

“అయ్యా, కాస్త అవతలికి జరగండి. గుమ్మానికి అడ్డమొస్తే నూక కనపడదు” అన్నాడాయన.

జరిగాను. ఆయన అరచేతిని గుమ్మంవైపు కొంచెం వంచాడు. పక్క నుంచి వచ్చిన వెలుతురులో గింజలు దేనికది విడివిడిగా కనిపించాయి. నేను మాత్రం ఆ సంగతి పట్టించుకోకుండా, పక్కన స్టాండు వేసే చోటు లేదని ఫ్లాష్‌ని మళ్ళీ కెమెరా నెత్తికే తగిలించి, ఎదురుగా నిలబడి కొట్టాను. నేర్చుకోవలసిన పాఠం కళ్ళ ముందు వంగి చూపించినా తలకెక్కలేదన్నమాట.

తీసిన ఫొటో చూపిస్తే ఆయన కెమెరా చేతికి తీసుకున్నాడు.

“ఇది నేనేనా? పేపర్లో పట్టుబడ్డ నిందితుడని ఏస్తారు చూడండి, అట్టా ఉన్నా. వెనకాల బస్తాలు కూడా ఉన్నాయి. ఇంకేం, కేసు ఖాయం.”

అలాంటి ఫొటోల కింద ముప్పై మూడేళ్ళు శీర్షికలు రాసినవాణ్ణి నేనే. మా వైపు ఇలాంటి అవమానం జరిగితే మొహం తిప్పుకుంటారు. ఆయన కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. అందులోనూ పచ్చిమిరపకాయ చిదిపి ఉంది.

నల్లపాడు

రెండో రోజు పొద్దున్నే నల్లపాడు దాటి, రోడ్డు పక్కన పత్తి చేను చూసి ఆగాను. పత్తి తీత ఎప్పుడో అయిపోయింది. ఎండిన కంప, కొనల్లో అక్కడక్కడ వేలాడే తెల్లటి పీచు. ఆ పీచు మీద వెనక నుంచి వెలుగు పడితే అద్భుతంగా ఉంటుందని వీడియో చెప్పింది. స్టాండు నిలబెట్టి, ఫ్లాష్ తగిలించి, తెల్ల గొడుగు విప్పి, గట్టు మీద నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడిచాను.

పదో అడుక్కి ఒక మోపెడ్ ఆగింది. పదిహేనో అడుక్కి ఇంకో రెండు.

“ఏందీ, మళ్ళీ కొలతలా?” మోపెడ్ మీదాయన గొంతు చేను చివరిదాకా వినపడింది. “మొన్నేగా కొలిచి రాళ్ళు పాతింది! ఒరేయ్ బాజీ, రారా, మళ్ళీ వచ్చారు!”

కొలతలు కాదండీ, ఫొటోలు అన్నాను.

“దేనికి?”

“ఈ పత్తి కంపకి.”

అంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కొలతలకి వచ్చాననుకున్నప్పుడు కోపమే ఉంది. ఇప్పుడు దిగులు మొదలైంది. బాజీ అనే ఆయన దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. “ఇంట్లోవాళ్ళకి తెలుసా అండీ, మీరిట్టా తిరుగుతున్నట్టు?”

తెలుసని చెబుతుండగా రోడ్డు మీద ఒక లారీ జోరుగా పోయింది. ఆ గాలికి గొడుగు స్టాండుతో సహా లేచి కంపలో పడింది. ముగ్గురూ కలిసి జాగ్రత్తగా విడిపించి తెచ్చారు. ఫ్లాష్‌కి ఏమీ కాలేదు. గొడుగుకి ఊచలు మాత్రమే మిగిలాయి. తెల్ల గుడ్డ పీలికలైపోయి పత్తి పీచు పక్కనే వేలాడుతోంది. నిజం చెప్పొద్దూ, పీచుకంటే అదే అందంగా ఉంది. ఫొటో తీద్దామనుకున్నాను గానీ బాజీ నావైపు చూస్తున్న చూపుకి ధైర్యం చాలలేదు.

అద్దంకి

ఆ సాయంత్రానికి అద్దంకి చేరాను. మూడో రోజు పొద్దున టీ కొట్టు దగ్గర నిలబడితే ఆకాశమంతా మబ్బు. మార్చిలో మబ్బేమిటని నేనడిగితే టీ కొట్టాయన పైకి చూసి గ్లాసు గట్టిగా పెట్టాడు. మా ఊళ్ళో మబ్బు పడితే ఎండ తగ్గిందని సంతోషిస్తాం. ఇక్కడ ఆ నెలలో ఆ సంతోషాన్ని బయట పెట్టకూడదు.

ఫ్లాస్కులో టీ పోయించుకుంటున్న నలభై ఐదేళ్ళ మనిషి నా సంచి వంక చూశాడు. “ఫొటోలు తీస్తారా సార్?” అన్నాడు.

అతని పేరు సాంబశివరావు. మూడెకరాలు కౌలుకి చేసి మిరప వేశాడు. కాయ కోసి, ఎండబెట్టి, కల్లంలో రాశి పోసి ఉంది. గుంటూరు వ్యాపారి ఒకాయన లారీ ఆ రోజు మూడింటికి పక్క ఊరికి వస్తోంది. ఫొటో పంపితే, సరుకు నచ్చితే, అదే లారీని ఇతని కల్లానికీ పంపుతానన్నాడట. సాంబశివరావు ఫోను కిందపడి కెమెరా అద్దం పగిలింది. దాంతో తీస్తే ప్రతి కాయా రెండుగా కనపడుతోంది.

“ఇయ్యాళ పోకపోతే వాన పడుద్ది సార్. పట్ట కప్పితే లోపల ఉక్కపోసి బూజు. కప్పకపోతే నల్లబడుద్ది. పోయినేడు అట్టాగే పోయింది. మళ్ళీ పోతే కౌలు వదిలేసుకుని కూలికి పోవాల్సిందే.”

నేను సంచి భుజానికి ఎత్తుకున్న తీరు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. “ఫోనెందుకండీ, పేపర్లో పనిచేసినవాణ్ణి, నేను తీస్తాను పదండి” అన్నాను.

కల్లం

ఊరి బయట చదును చేసిన నేల. దాని మీద మిరప రాశి. అంత ఎరుపు నేనెప్పుడూ ఒకచోట చూడలేదు. చూసేలోపు తుమ్ములు మొదలయ్యాయి. తొమ్మిదిమంది ఆడవాళ్ళు మొహాలకి గుడ్డలు కట్టుకుని తాలు ఏరుతున్నారు. తాలంటే రంగు పోయి తెల్లగా పాలిపోయిన కాయ. ధర తేల్చేది అదే. వాళ్ళ పెద్ద రాహేలమ్మ. యాభై ఐదేళ్ళుంటాయి. మిగతా రోజుల్లో కల్లం, ఆదివారం చర్చిలో పాట.

“ఎవురు సాంబయ్యా, పెళ్ళి ఫొటోలాయనా?” అందామె.

“పేపరాయనంట.”

“అయితే చూసి తీపించు.”

నేను రాశికి ఎదురుగా నిలబడి, ఫ్లాష్‌కి పూర్తి బలమిచ్చి కొట్టాను. చిన్న తెరలో చూస్తే ఫొటో ధగధగ మెరుస్తోంది. ఫోన్లోకి దించి, ‘సాంబశివరావు కల్లం, పెద్ద కెమెరాతో తీసింది’ అని రాసి, అతను చూపించిన నంబరుకి నా చేత్తోనే పంపాను. రెండు నిమిషాల్లో వ్యాపారి నుంచి అతనికి ఫోనొచ్చింది. గొంతు మాకందరికీ వినపడింది.

“ఏందయ్యా సాంబశివరావు, ఏరించానన్నావు! సగం తాలే కనపడతంది.”

నా ఫోన్లో ఆ ఫొటోని పెద్దగా చేసి చూశాను. ఎండిన మిరపకాయ వీపు నున్నగా ఉంటుంది. ప్రతి వీపు మీదా నా ఫ్లాష్ ఒక తెల్లటి మచ్చ పెట్టింది. ఎర్రటి కల్లాన్ని నేను ఒక్క దెబ్బతో తాలు కల్లం చేశాను.

సాంబశివరావు కంగారుగా తన పగిలిన ఫోనుతోనే ఒకటి తీసి పంపాడు. మళ్ళీ ఫోను.

“పెద్ద కెమెరాలో ఉన్న నిజం చిన్న ఫోన్లో దాచితే దాగుద్దా? వద్దులే. లారీ అటు రాదు.”

దినపత్రికల్లో నేను రాసినవన్నీ జనం ఇంత గట్టిగా నమ్మి ఉంటే ఎంత బాగుండేదో! ఆ కెమెరా అబద్ధమాడిందని చెప్పాలన్నా మళ్ళీ ఆ కెమెరాతోనే చెప్పాలి.

రెండో ప్రయత్నం చేశాను. వెలుగు సూటిగా పడకూడదు, దేనికైనా తగిలి పడాలని వీడియోలో విన్న మాట గుర్తొచ్చింది. గొడుగు లేదు. ఆడవాళ్ళ నీడ కోసం కట్టిన నీలం పట్ట ఉంది. ఫ్లాష్‌ని పైకి తిప్పి ఆ పట్టకి కొట్టాను. తెల్ల మచ్చలు పోయాయి. కాయలన్నీ నేరేడుపండు రంగులోకి వచ్చాయి.

రాహేలమ్మ నా భుజం మీదుగా తొంగి చూసింది. “సాంబయ్యా, ఇంతకుముందు తాలు చేశాడు. ఇప్పుడు కుళ్ళబెట్టాడు. ఇంకోటి తీస్తే మొలకలొస్తాయి.”

తొమ్మిదిమందీ గుడ్డల వెనక నవ్వారు. సాంబశివరావు నవ్వలేదు. పడమటి వైపు చూస్తున్నాడు. అతను నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. అతను నాకు టీ పోసిచ్చాడు.

ఆ గ్లాసు పట్టుకుని నేను రాశి చుట్టూ తిరుగుతుంటే ఒక సంగతి కంటబడింది. ఆడవాళ్ళంతా ఒకేలా కూర్చున్నారు. అందరి ఎడమ భుజాలూ తూర్పుకే ఉన్నాయి.

“అందరూ అటే ఎందుకు కూర్చున్నారమ్మా?” అనడిగాను.

“తాలు ఏరాలంటే ఎండ పక్క నుంచే రావాలి” అంది రాహేలమ్మ, ఇది కూడా తెలియదా అన్నట్టు. “ఎదురుగా ఎండుంటే కళ్ళల్లో పడుద్ది. వీపు మీదుంటే మన నీడే కాయ మీద పడుద్ది. ఏడింటప్పుడు పక్క నుంచి పల్చగా వచ్చుద్ది చూడు, అప్పుడు తాలు తాలుగా, కాయ కాయగా కనపడతాయి. ఇయ్యాళ మబ్బుకి అలవాటు కొద్దీ కూర్చున్నాం గానీ, చేత్తో తడుముకుంటా ఏరుతున్నాం.”

పొన్నూరు బియ్యం కొట్టాయన అరచెయ్యి, స్కూటరు వెనక ఫొటోగ్రాఫరు ఎడమ చెయ్యి, రెండూ ఒకేసారి గుర్తొచ్చాయి. ఆ ఫొటోగ్రాఫరు ఇప్పుడెక్కడున్నాడో గానీ, అతనికి నేను చాలా టీలు బాకీ.

ఫ్లాష్ ఊడదీసి స్టాండుకి తగిలించబోయాను. నిన్న కంపలో పడ్డప్పుడు దాని కాలు వంకర పోయినట్టుంది, నిలబడలేదు. రాహేలమ్మ లేచి చెయ్యి చాచింది.

“ఇటివ్వు. అది సూరీడేగా? నేను పట్టుకుంటా.”

ఆమె ఎడమ పక్కకి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఫ్లాష్‌ని రాశికంటే జానెడు ఎత్తులో పట్టుకుంది. ఏడింటి ఎండ ఎక్కడుంటుందో ఆమె చేతికి తెలుసు. ఒకటి కొట్టాను. “ఎండ చురుగ్గా ఉంది, పది గంటలప్పటిది” అంది. బలం తగ్గించాను. ఇంకా చురుకే. ఆమె సాంబశివరావు భుజం మీది తెల్ల తువ్వాలు లాగి, రెండు మడతలేసి ఫ్లాష్‌కి చుట్టింది. ఈసారి వెలుగు పల్చగా, మెత్తగా పడింది.

“ఇదీ ఏడింటిది! ఆగు, తియ్యమాక.” పక్కనున్న తాలు కుప్పలోంచి దోసెడు తెచ్చి మంచి కాయల పక్కన పోసింది.

“అది ఎందుకు రాహేలమ్మా!” సాంబశివరావు అడ్డం వచ్చాడు. “తాలనేగా వద్దంది!”

“అందుకే. ఒట్టి ఎరుపు పంపితే రంగేశారంటాడు. తాలు పక్కనుంటేనే కాయ ఏందో తెలుస్తది. నువ్వు కొట్టు పెద్దయ్యా.”

కొట్టాను. తెరలో ఎర్ర కాయలు దేనికది గుండ్రంగా లేచి ఉన్నాయి. తాలు పాలిపోయి పక్కన పడి ఉంది. వాటి మధ్య గీత గీసినట్టుంది. నేను చేసిందల్లా మీట నొక్కడమే.

ఫొటో పంపాం. పది నిమిషాలు ఫోను మోగలేదు. ఎవరూ కాయ ముట్టుకోలేదు. గాలి మాత్రం చల్లబడింది. చివరికి మోగింది.

“ముందు పంపింది ఎవురి కల్లం?” అన్నాడు వ్యాపారి.

“నాదే అండి.”

“మరి ఇది?”

“నాదే అండి. ముందు తీసినాయన కొత్తోడండి.”

“ఇప్పుడు తీసింది?”

సాంబశివరావు నా వంక చూసి, రాహేలమ్మ వంక చూశాడు. “తాలు ఏరే ఆవిడండి” అన్నాడు.

లారీ

లారీ మూడున్నరకి వచ్చింది. వ్యాపారి గుమాస్తా దిగాడు. రాశిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి కాయలు తీశాడు, విరిచాడు, గింజలు చూశాడు, వాసన చూశాడు. నేను ఫొటో చూపించబోతే, “కాయ ఇక్కడే ఉందిగా, ఫొటో ఎందుకండీ?” అన్నాడు. పొద్దుటి నుంచి మేం పడ్డ పాట్లకి విలువ అంతే. ఆ ఫొటో ఆ మనిషిని కల్లం దాకా రప్పించింది, ఇక దానితో పని లేదు.

ఇక్కడ మిరప బస్తాని టిక్కీ అంటారు. కాయ వేసి కాలితో తొక్కి కూరుతారు. నేనూ రెండు టిక్కీలకి మూతి పట్టుకున్నాను. నా సాయం వల్ల ఆలస్యమవుతోందని గ్రహించి, కాసేపటికి పక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టారు. గోంగూర, పండుమిరప పచ్చడి, వేలెడు ఉల్లిపాయ ముక్క. రాహేలమ్మ నా పళ్ళెంలో పెరుగు రెండుసార్లు వేసింది. తింటూ నేను కార్చిన కన్నీళ్ళని సాంబశివరావు తన మీద జాలి అనుకున్నాడు. నేను సరిదిద్దలేదు.

ఆఖరి టిక్కీ ఎక్కి, లారీకి పట్ట కట్టాక పెద్ద చినుకులు మొదలయ్యాయి. ఖాళీ కల్లం మీద, రాశి ఉన్నంత మేరా మట్టి ఎర్రగా ఉంది. దాని మీద చినుకులు పడుతుంటే సాంబశివరావు కదలకుండా నిలబడి తడిశాడు. తల తుడుచుకోడానికి భుజం మీద చెయ్యి వేసుకుని, అక్కడ ఏమీ లేకపోతే వెతుక్కున్నాడు.

ఆ తువ్వాలు అప్పటికే నా సంచిలో, ఫ్లాష్‌కి చుట్టుకునే ఉంది. రైలెక్కి సంచి విప్పేదాకా నాకు తెలియదు. ఫోను చేసి చెబితే, “ఉంచుకోండి సార్, మీకే అవసరం” అన్నాడు. వెనక నుంచి రాహేలమ్మ గొంతు: “ఉతకమాకని చెప్పు సాంబయ్యా, మడత చెడుద్ది!”

ఉతకలేదు. ఇప్పుడు విశాఖలో మా చుట్టాలకి ఫొటోలు తీస్తున్నాను. ఫ్లాష్‌కి ఆ తువ్వాలే రెండు మడతలు చుట్టి, మా ఆవిడ చేతికిచ్చి, ఎడమ పక్కన, ఏడింటి ఎండ ఎత్తులో పట్టుకోమంటాను. ఫొటోలు బాగా వస్తున్నాయంటున్నారు. మొన్న మా తోడల్లుడు తన ఫొటో చూసుకుని, “ఇన్నేళ్ళలో నా కళ్ళల్లో ఇంత ఆర్ద్రత ఎవరూ పట్టుకోలేదు” అని నా చెయ్యి పట్టుకున్నాడు. తువ్వాలులో ఇంకా పావు కల్లం కారం ఉందని ఆయనకి చెప్పలేదు.